గయ్యాళికి తెలిసిన ఒకే ఒక్క మాట

గున్నల కొట్టం,
అడవి అంచు.
చలి ఇంకా పోలేదు.

వదినకి,

నేను బాగానే ఉన్నాను. నువ్వూ బాగానే ఉంటావు, నీకేం. ఇక్కడ ఫోను చెట్టెక్కితే గాని పలకదు. నేను చెట్టెక్కను. అందుకని రాస్తున్నాను.

ఒక దుపటి కావాలి. మందంగా, గుర్రానికి కప్పే దానికన్నా పెద్దదిగా ఉండాలి. ఉన్న దుపటి గయ్యాళి చింపేసింది. గయ్యాళి అంటే నువ్వు కాదు. మూడేళ్ళ కిందట తెచ్చిన గున్న ఏనుగు. తల్లి కరెంటు తీగ తగిలి పడిపోతే, ఆ తల్లి పక్కనే నిలబడి దగ్గరికొచ్చిన ప్రతివాడినీ కుమ్మింది. నన్ను కూడా. డాక్టరమ్మ ఇక్కడ ప్రతి గున్నకీ ఒక నంబరు ఇస్తుంది. నంబరు పెట్టి పిలిస్తే ఎవరు పలుకుతారు? అందుకని ఈ పేరు నేను పెట్టాను.

దుపటి ఎందుకో చెప్తాను, లేకపోతే పది ప్రశ్నలు వేస్తావు. గున్న సీసా పాలు ఊరికే తాగదు. తల్లి పొట్టకి తొండం ఆనించి తాగడం దాని అలవాటు. ఇక్కడ తల్లి ఏది? రెండు గుంజల మధ్య దుపటి వేలాడదీస్తాం. వెనక మనిషి నిలబడి కింది నుంచి సీసా అందిస్తాడు. అది దుపటికి తొండం ఆనించి, కళ్ళు మూసుకుని తాగుతుంది. మనిషి కనపడకూడదు. ఒకే మనిషి రోజూ పట్టకూడదు. ముద్దు చెయ్యకూడదు, మాట్లాడకూడదు. ఈల వేసి పిలవాలి, అంతే. ఇక్కడి చట్టం అది.

ఎందుకంటే ఇవి మనవి కావు, అడవివి. ఈ ఎండాకాలం గయ్యాళిని పెద్ద గున్నలతో కలిపి రోజూ అడవిలోకి వదులుతారు. తొలి వానలకి అడవి మంద వాగు దగ్గరికి వస్తుంది. ఆ మందలో కలిసిందా, బతికిపోయింది. కలవకుండా మనుషుల చుట్టూ తిరిగిందా, రేపు పెద్దదై ఊళ్ళ మీద పడుతుందని పట్నం పక్కన ఉన్న ఆవరణకి పంపేస్తారు. ఇక చచ్చేదాకా కంచె లోపలే. టిక్కెట్టు కొన్నవాళ్ళు చూసి పోతుంటారు.

నాకేం? అది ఎటు పోయినా నా జీతం నాకొస్తుంది. దుపటి మాత్రం త్వరగా పంపు. నీ చూపు తగ్గిందని విన్నాను. వంకర కుట్లు వేస్తే గయ్యాళి ఒప్పుకోదు.

మరిది


కుట్టుగది,
మేడమెట్ల కింద.

మరిదీ,

నీ ఉత్తరం చదవడానికి ఒక పూట, నవ్వడానికి ఒక పూట పట్టింది. మిగతా ఒత్తులన్నీ ఎక్కడివక్కడ పెట్టి, అడిగిన వస్తువుకే ఒత్తు ఎగ్గొట్టావు. దుపటి ఏమిటా అని తల బద్దలు కొట్టుకున్నాను. చింపేసింది అన్నావు గనక గుడ్డే అయివుంటుందని తేల్చుకున్నాను. ఆ ఒత్తు కూడా నీ గున్నే మింగిందా?

దుప్పటి పంపుతున్నాను. మీ అన్న కప్పుకునే ఉన్ని దుప్పట్లు రెండూ కలిపి, మధ్యలో ఆయన పాత కోటు గుడ్డ వేసి కుట్టాను. ఆయన గురక ఇంకా అందులో ఉందేమో తెలియదు. గున్న భయపడితే నా పూచీ లేదు. కుట్లు వంకరగా కనిపిస్తే అది నీ చూపు వంకర.

ఇక పేరు సంగతి. గయ్యాళి అంటే నువ్వు కాదు అని నేను అడగకముందే రాశావు చూడు, గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం అంటే అదే. మూడేళ్ళుగా ఇంట్లో ఆడపిల్లని పెట్టుకుని వదినకి ఇవాళా చెప్పడం? మీ కొట్టంలో ఎన్ని గున్నలున్నాయి? ఉత్తరమంతా ఒక్కదాని గురించే ఉంది. ముద్దు చెయ్యకూడదన్నది చట్టమైతే, ఆ చట్టం ఒక్క నీకు తప్ప అందరికీ వర్తిస్తున్నట్టుంది. నాకేం అన్నావు. నిజంగా ఏమీ కానివాడు ఆ మాట రాయడు మరిదీ, ఊరుకుంటాడు.

నిరుడే ఉద్యోగం మానేసి వస్తానన్నావు. మేడ మీద గది ఊడ్చి ఊడ్చి చీపురు అరిగిపోయింది.

వదిన


గున్నల కొట్టం.
ఎండలు.

వదినా,

దుప్పటి అందింది. దుప్పటి. ఒత్తు చూసుకో, రెండుసార్లూ పెట్టాను. గున్న చాలాసేపు వాసన చూసింది. తరవాత తొండం ఆనించి గుక్క తిప్పుకోకుండా తాగింది. మా అన్న గురకకి భయపడలేదు. నీ నోటికైతే భయపడేదే.

గది ఊడవడం ఆపు. ఈ గున్న సంగతి తేలేదాకా రాను.

తేలేట్టు కూడా లేదు. మిగతా గున్నలన్నీ పొద్దున పోతే పొద్దుగుంకాక వస్తున్నాయి. బెరడు ఎలా ఒలుచుకోవాలో, మట్టి ఎక్కడ చల్లగా ఉంటుందో పెద్దవాటిని చూసి నేర్చుకుంటున్నాయి. ఇదొక్కటే ఎండ నెత్తికెక్కకముందే గేటు దగ్గర ప్రత్యక్షం. డాక్టరమ్మ దాని నోరు చూసింది, చెవులు చూసింది, పేడ కూడా పిసికి చూసింది. రోగం లేదు.

"ఏమంటావు తాతా? ఎందుకొచ్చేస్తోంది?" అని నన్నడిగింది.

"బద్ధకం" అన్నాను.

"ఏనుగులకి బద్ధకం ఉండదు తాతా."

"పుస్తకంలో ఏనుగులకి ఉండదేమో. దీనికి ఉంది. మందమతి కూడాను."

ఆమె నవ్వలేదు. వానలు పడేదాకా చూస్తుందట. ఆ తరవాత లారీ తెప్పిస్తుందట, ఆవరణకి.

నా తప్పేం లేదు. గేటు గడియ తుప్పు పట్టి చేతులు కోసేస్తుంది, ఆ పని ఎవరూ చెయ్యరు, అందుకని రోజూ నేనే తీస్తాను. మిగతావి కాపర్ల ఈల వింటే కదులుతాయి. ఇది మాత్రం నా దగ్గర ఆగి, నా చంక కింద తొండం పెట్టి ఒక ఊపిరి లాగుతుంది. "తల్లీ, వెళ్ళి రా" అంటాను. అప్పుడు కదులుతుంది. గడప దాటేవాళ్ళకి ఆ మాత్రం మర్యాద చెప్పొద్దా?

మాట్లాడకూడదని చట్టం కదా అంటావు. నీకు చెప్తాను, ఇంకెవరికీ చెప్పకు. నాకు ఈల రాదు. పళ్ళన్నీ ఊడాక గాలంతా ఎటో పోతోంది. వేస్తే పాము బుస కొట్టినట్టుంటుంది, గున్నలు బెదురుతున్నాయి. డాక్టరమ్మకి తెలిస్తే ముసలివాడివి ఇంటికి పొమ్మంటుంది. అందుకని పాలకి పిలిచేటప్పుడు దుప్పటి వెనక నుంచి మెల్లిగా "రా" అంటాను. మూడేళ్ళుగా అదే. ఎవరికీ వినపడదు. దానికి తప్ప.

మరిది


కుట్టుగది.

మరిదీ,

ఆడలేక మద్దెల ఓడన్నాడట నీలాంటివాడే. ఒకసారి కూర్చుని నీ ఉత్తరం నువ్వే చదువుకో. కూడబలుక్కుని అయినా సరే.

ఆ గున్నకి మనుషుల భాషలో తెలిసిన మాట ఎన్ని? ఒకటి. "రా". మూడేళ్ళు ఆ మాటతోనే పాలు పట్టావు. ఇప్పుడు రోజూ పొద్దున్నే దాని చెవి దగ్గర నిలబడి ఏమంటున్నావు? "వెళ్ళి రా". వెళ్ళు అంటే దానికేం తెలుస్తుంది? చివర వినపడిందే తెలుస్తుంది. పాపం అది వెళుతోంది, వస్తోంది. చెప్పిన మాట చెప్పినట్టు వినే పిల్లని పట్టుకుని మందమతి అని డాక్టరమ్మకి చాడీలు చెప్తావా? మందమతి గేటుకి ఇవతల ఉన్నాడు.

నాకు నవ్వాగలేదు. మిషను ఆపి నవ్వాను. జాకెట్టు కొలతలకి వచ్చినావిడ నన్ను చూసి వెనక్కి పోయింది. ఆ బేరం నీ ఖాతాలో రాసుకున్నాను.

నవ్వు అయ్యాక ఏడుపొచ్చింది. ఎందుకంటే నీ చేత "పో" అనిపించడం ఎవరి వల్లా కాదని నాకు తెలుసు. మన ఇంట్లో గడప దాటేవాళ్ళని పో అన్నవాళ్ళు లేరు. పాలవాడిని కూడా వెళ్ళి రమ్మనే అంటాం. మీ అన్నని ఆసుపత్రి బండి ఎక్కిస్తూ నేనూ వెళ్ళి రమ్మనే అన్నాను. రాలేదు. నా మాట వినే అలవాటు ఆయనకి మొదటి నుంచీ లేదు.

నీ గున్నకి ఉంది. అదే దాని ప్రాణం మీదికొచ్చింది.

వెళ్ళి డాక్టరమ్మకి చెప్పు.

వదిన


గున్నల కొట్టం.
గాడ్పులు.

వదినా,

నువ్వు మిషను తొక్కుకో. ఏనుగుల సంగతి నేను చూసుకుంటాను.

అని రాసి కవరు అంటించాను. మళ్ళీ చించాను. కవరు దండగ.

నువ్వన్నది నిజమో కాదో చూద్దామని ఒక రోజు ఉత్త "వెళ్ళు" అన్నాను. కదల్లేదు. నిలబడి నా నోటి వంకే చూసింది, మాట సగంలో ఆపావేం అన్నట్టు. మర్నాడు ఏమీ అనలేదు. ఆ రోజు అసలు గేటే దాటలేదు. నీడన నిలబడి నా చొక్కా గుండీ తెంపింది.

సరే, పో అనడం ప్రాక్టీసు చేశాను. నవ్వకు. పాలపొడి కొట్లో తలుపేసుకుని గోడకి చెప్పాను. "పో." బానే వచ్చింది. "పో! పో!" అని గట్టిగా రెండుసార్లు అన్నాను. పక్కన గంజి కాచే వంటవాడు తననే అంటున్నాననుకుని గరిటె కింద పారేసి వెళ్ళిపోయాడు. బతిమాలి తీసుకొచ్చేసరికి గంజి అడుగంటింది. "నీ నోరు మంచిది కాదు పెద్దాయనా" అని ఇప్పటికీ గొణుగుతూనే ఉన్నాడు.

మర్నాడు గేటు దగ్గర గుండె రాయి చేసుకుని నిలబడ్డాను. అది వచ్చింది, చంకలో తొండం పెట్టింది. నేను "పో" అన్నాను. నా మాట మీద ఒట్టు, అక్కడే ఆపాను. నాలుక ఆగలేదు. "...యి రా" అని అదే తగిలించింది. గయ్యాళి చెవులు ఆడించుకుంటూ వెళ్ళి, ఎండెక్కకముందే వచ్చేసింది.

డాక్టరమ్మకి చెప్పడం కుదరదు. ఈల రాదని చెప్పాలి. పళ్ళు లేవని చెప్పాలి. మూడేళ్ళు ఆమె కళ్ళు కప్పానని చెప్పాలి. నా బతుకులో ఎవరి ముందూ నోరు తెరిచి పళ్ళు చూపించలేదు.

పడమర మబ్బు పట్టింది.

మరిది


కుట్టుగది.

మరిదీ,

చిన్న ఉత్తరం. కోపంగా ఉన్నాను, పెద్దది రాస్తే చిరిగిపోతుంది.

నీ బోసినోరు ఒకరు చూస్తే సిగ్గా? నీ గున్న కంచె లోపల నిలబడితే జీవితాంతం ఊరంతా చూస్తుంది. ఏది పెద్ద సిగ్గో నువ్వే తేల్చుకో. పళ్ళ విషయం దాస్తున్నావు గానీ, నువ్వు అన్నం నమలడం చూసినవాడెవడికైనా అది తెలిసే ఉంటుంది.

నువ్వు చెప్పకపోతే నేనే డాక్టరమ్మకి రాస్తాను. ఒత్తులన్నీ పెట్టి మరీ రాస్తాను.

వదిన


గున్నల కొట్టం.
వాన.

వదినా,

చెప్పాను.

డాక్టరమ్మ బల్ల మీద ఏవో సీసాలు సర్దుకుంటోంది. ఎదురుగా నిలబడి నోరు తెరిచాను. "పన్ను నొప్పా తాతా?" అంది. "నొప్పెట్టడానికి పన్నుంటే కదా" అని మొత్తం చెప్పాను. దుప్పటి వెనక రా అనడం, గేటు దగ్గర వెళ్ళి రా అనడం. ఆమె ముందు నవ్వింది. నవ్వి నవ్వి కుర్చీలో కూలబడింది. నవ్వుతూ నవ్వుతూనే కోపం తెచ్చుకుంది. అలాంటి కోపం నేను ఎక్కడా చూడలేదు.

"ఎన్నిసార్లు దాని పేడ పిసికాను తాతా! ఎన్నిసార్లు! నోరు తెరిచి ఒక్క మాట చెప్పలేకపోయావా?"

"నోరు తెరవడమే కదమ్మా ఇబ్బంది" అన్నాను.

ఇంటికి పొమ్మనలేదు. గేటు వైపు రావద్దంది. మంద వచ్చి వెళ్ళేదాకా పాలపొడి కొట్లో ఉండమంది. గేటు పని వేరే కాపరికి ఇచ్చారు. వాడికి పళ్ళన్నీ ఉన్నాయి, పగలంతా ఈలే.

తొలి వాన పడిన పొద్దున మంద వాగు దగ్గరికొచ్చింది. ఇక్కడిదాకా వాసన. పెద్ద గున్నలు ముందు నడిచాయి. గయ్యాళి గేటు దగ్గర ఆగిపోయిందట. నేను చూడలేదు, వంటవాడు కొట్లోకి పరిగెత్తుకొచ్చి చెప్పాడు. అటూ ఇటూ తిరిగిందట. ఈల వేస్తే వినలేదట. అరిచింది. ఆ అరుపు నాకూ వినపడింది. తువ్వాలు నోట్లో కుక్కుకుని పొడి బస్తాల మధ్య కూర్చున్నాను.

కొట్టు చుట్టూ తిరిగి వచ్చింది వదినా. కిటికీలోంచి తొండం లోపలికి పెట్టింది. పెట్టి వెతుకుతోంది. బస్తా తడిమింది, వంటవాడి తల తడిమింది, నన్ను పట్టుకుంది. చంక కింద తొండం దూర్చి ఆగింది. మాట కోసం.

తువ్వాలు తీశాను. "పో" అన్నాను. ఈసారి నాలుక ఏమీ తగిలించలేదు.

కానీ దానికి ఆ మాట తెలియదు కదా. అలాగే నిలబడింది. పిల్లకి ఒక్క మాటే నేర్పిన ముసలివాడికి ఇంకేం గతి? తొండం రెండు చేతులతో పట్టుకుని బయటికి నెట్టాను. కిటికీ రెక్క వేశాను. గొళ్ళెం పెట్టాను. అది మాత్రం దానికి అర్థమైంది.

చాలాసేపు రెక్కకి అవతల ఊపిరి వినపడింది. తరవాత వానే వినపడింది. వంటవాడు గంజి తెచ్చి నా ముందు పెట్టాడు. ఈసారి అడుగంటలేదు.

సాయంత్రం మిగతావి వచ్చాయి. ఇది రాలేదు. మర్నాడూ రాలేదు. మందలో కలిసిందో, ఎక్కడైనా ఒంటరిగా తిరుగుతోందో ఎవరికీ తెలియదు. ఒంటరిగా ఉంటే బతకదు. డాక్టరమ్మ జీపు వేసుకుని వెతుకుతోంది. నన్ను తీసుకెళ్ళదు.

నాకేం అని రాద్దామనుకున్నాను. నువ్వు ఊరుకోవు.

మరిది


కుట్టుగది.
ఇక్కడా వానే.

మరిదీ,

అడగకూడదని రోజూ అనుకుంటాను. రోజూ పోస్టు వేళకి మెట్ల మీదికొచ్చి కూర్చుంటున్నాను. పోస్టుమ్యాను "ఎవరికోసమమ్మా?" అంటే, "మా ఇంటి ఆడపిల్ల కబురు కోసం" అన్నాను. "ఏ ఊరిచ్చారు?" అన్నాడు. "అడవికిచ్చాం" అన్నాను. ఆ పూట నుంచీ నా వంక జాలిగా చూస్తున్నాడు.

కబురు మంచిదైనా చెడ్డదైనా ఒక్క ముక్క రాయి. పేజీ నింపక్కర్లేదు. ఒత్తులు కూడా అక్కర్లేదు. అన్నం తింటున్నావా? వంటవాడితో తగవు పడకు, అక్కడ నీకున్నది వాడొక్కడే.

కిటికీ రెక్క వేసినందుకు నిన్ను తిట్టేవాడు నీలోనే ఒకడుంటాడు. వాడిని నా దగ్గరికి పంపు. నేను మాట్లాడతాను.

వదిన


గున్నల కొట్టం.
వానలు వెనక పట్టాయి.

వదినా,

కనిపించింది.

ఇవాళ డాక్టరమ్మ వచ్చి, "తాతా, జీపెక్కు. నోరు మెదపనని ఒట్టేస్తేనే" అంది. ఒట్టేశాను. వాగుకి అవతల బురదమడుగు ఒకటుంది. మంద అందులోనే ఉంది. జీపు చెట్ల చాటున ఆపారు.

నేనే ముందు చూశాను. తోక చివర వెంట్రుకలు లేవు దానికి, చిన్నప్పుడు గుంజకి రాసుకుని రాసుకుని పోయాయి. ఒళ్ళు చేసింది. పక్కటెముకలు కనపడటం లేదు. బురద తనే తొండంతో తీసి వీపు మీద కొట్టుకుంటోంది. ఇక్కడున్నప్పుడు నేను బొక్కెనతో పోసేదాకా మహారాణిలా నిలబడేది. వదినా, దొంగది, అన్నీ వచ్చు దానికి.

గాలి తిరిగింది. అది తొండం ఎత్తింది. మాకేసి తిరిగింది. నడిచి నడిచి జీపు ముందుకొచ్చి నిలబడింది. నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టుకున్నాను. నా చేతుల మీద డాక్టరమ్మ తన చెయ్యి కూడా వేసి అదిమింది. నమ్మకం లేక. మంచి పనే చేసింది, అప్పటికే నాలుక లేచింది.

అప్పుడు మడుగులోంచి ఒక ముసలి ఆడ ఏనుగు పిలిచింది. ఒక చెవి చిరిగి వేలాడుతోంది దానికి, చూడటానికి ఏమంత బావుండదు. అది అరుపు కూడా కాదు. చెవికి వినపడలేదు, కూర్చున్న సీటుకి వినపడింది. అంతే, ఇది గిరుక్కున తిరిగి, బురదలో పడుతూ లేస్తూ ఒకటే పరుగు. వెళ్ళి ఆ చిరిగిన చెవిదాని పొట్ట కింద తల దూర్చింది. పట్టడం లేదు. అయినా దూర్చింది. ముసల్ది తొండంతో దాని వీపు ఒకసారి తడిమి, ఊరుకుంది.

డాక్టరమ్మ కళ్ళు తుడుచుకుంది. నేను తుడుచుకోలేదు. నాకు ఒళ్ళు మండింది. మూడేళ్ళు వదినా. ఎండ, వాన, జ్వరం చూడకుండా సీసా పట్టుకుని నిలబడితే, నా చేత పదేసిసార్లు పిలిపించుకుని గాని వచ్చేది కాదు. ఎవరో నిన్నగాక మొన్న పరిచయమైన ముసల్ది ఒక్కసారి, ఒకే ఒక్కసారి పిలిస్తే అంత పరుగా?

జీపులో దారంతా అదే మంట. ఇంత హాయిగా ఒళ్ళు మండటం నా జన్మలో ఇదే.

మరిది